సిలబస్ పూర్తయింది, మరి చదువు? కళాశాల తరగతిలో బోధన విధానాల చిక్కుముడి

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లోని ఏ డిగ్రీ కళాశాలకైనా నాక్ బృందం, ఏ ఇంజనీరింగ్ కళాశాలకైనా ఎన్‌బీఏ బృందం నాణ్యతను పరిశీలించి గుర్తింపునివ్వడానికి వస్తున్నదంటే అధ్యాపకుల గదుల్లో కోర్సు ఫైళ్లు సిద్ధమవుతాయి. అభ్యసన ఫలితాలు, విద్యార్థి కేంద్రిత బోధన, సాధన స్థాయి అనే మాటలు వాటిలో అడుగడుగునా కనిపిస్తాయి. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా బట్టీ చదువు తగ్గి ఆలోచన పెరగాలని గట్టిగానే చెప్పింది. అదే సమయంలో కళాశాలకు వచ్చిన తల్లిదండ్రులు “సిలబస్ పూర్తి చేశారా, నోట్సు ఇచ్చారా” అని అడుగుతారు. విద్యార్థులు పరీక్షకు ఏవి ముఖ్యమో చెప్పమంటారు. అందరూ ఒకే తరగతి గది గురించి మాట్లాడుతున్నా, ఒకరు మంచి బోధన అనుకున్నది మరొకరికి కాలహరణంగా తోస్తున్నది. ఈ చిక్కు ఎక్కడ పడిందో చూడాలంటే ముందు బోధన విధానం అనే మాటలో ఏమేమి ఇమిడి ఉన్నాయో విడదీసుకోవాలి.

పైకి కనిపించేది, కనిపించనిది

ఒక లెక్చరర్ బోధన విధానం అనగానే బోర్డు మీద రాస్తారా, పీపీటీ వేస్తారా, సెమినార్లు చేయిస్తారా అన్నది గుర్తుకు వస్తుంది. అది పైకి కనిపించే భాగం మాత్రమే. దాని వెనుక చదువు ఎలా వస్తుందన్న విషయంలో ఆ అధ్యాపకునికి ఉన్న నమ్మకం పనిచేస్తూ ఉంటుంది. తెలిసినవారు స్పష్టంగా, క్రమంగా చెబితే తెలియనివారికి అందుతుందన్నది ఒక నమ్మకం. ఎంత బాగా చెప్పినా వినేవారు తమకు ముందే తెలిసిన దానితో దానిని కలుపుకొని, సరిచూసుకొని, తమంతట తాము నిర్మించుకుంటే తప్ప రాదన్నది రెండవది. దీనికి విద్యాశాస్త్రంలో నిర్మాణాత్మకవాదం అని పేరు. నిజానికి మన అధ్యాపకుల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపే నడుస్తారు.

విద్యార్థి వైపు నుంచి చూస్తే మరొక తేడా కనిపిస్తుంది. 1976లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్టన్, సాల్యో అనే పరిశోధకులు విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చి చదవమన్నారు. తరువాత ప్రశ్నలు అడుగుతారు కాబట్టి వాక్యాలను గుర్తుపెట్టుకుంటూ చదివినవారు కొందరు, రచయిత చెప్పదలచుకున్నది ఏమిటని వెతుకుతూ చదివినవారు మరికొందరు. మొదటిదాన్ని పైపై చదువు అనీ రెండవదాన్ని లోతు చదువు అనీ చెప్పుకోవచ్చు. ఆ తరువాత ఈ దారిలో సాగిన పరిశోధనల్లో తేలిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇవి మనిషి పుట్టుకతో తెచ్చుకున్న లక్షణాలు కావు. ఎదుట ఉన్న పనిని బట్టి ఒకే విద్యార్థి ఒకచోట పైపైన, ఒకచోట లోతుగా చదువుతాడు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ తెల్లవారుజామున స్టడీ అవర్లో కూర్చొని బిట్లు తిరగేసిన అమ్మాయి డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో అలాగే చదువుతున్నదంటే, ఇన్నాళ్లూ ఆమెను అడిగింది అదే. ఆమెకు ఆలోచించే శక్తి లేదని తీర్మానించడం అన్యాయం.

బ్యారేజీ గేటు ప్రశ్న: ఒకే పాఠం, రెండు తీర్లు

బీఎస్సీ భౌతికశాస్త్రంలో ద్రవాల పీడనం అనే పాఠాన్ని తీసుకుందాం. నిలిచి ఉన్న నీటిలో పీడనం లోతును బట్టి పెరుగుతుంది. సాంద్రతను, గురుత్వ త్వరణాన్ని, లోతును గుణిస్తే పీడనం వస్తుంది. మొదటి తీరులో అధ్యాపకుడు సూత్రాన్ని రాబట్టి, బోర్డు మీద ఒక లెక్క చేసి చూపిస్తారు. గేటు దగ్గర నీటి లోతు 3 మీటర్లు, గేటు వెడల్పు 12 మీటర్లు అనుకుంటే అడుగున పీడనం నీటి సాంద్రత 1000ను గురుత్వ త్వరణం 9.8తో, లోతు 3తో గుణించగా 29,400 పాస్కళ్లు. పైన సున్నా కాబట్టి సగటు 14,700. గేటు వైశాల్యం 36 చదరపు మీటర్లు కాబట్టి మొత్తం బలం 5,29,200 న్యూటన్లు, అంటే సుమారు 54 టన్నుల బరువుతో సమానం. విద్యార్థులు దీన్ని రాసుకుంటారు. అంకెలు మార్చి ఇస్తే మళ్లీ చేయగలుగుతారు. పాఠం పూర్తయినట్టే కనిపిస్తుంది.

రెండవ తీరులో లెక్కకు ముందో తరువాతో ఒక ప్రశ్న వస్తుంది. ప్రకాశం బ్యారేజీకి ఉన్న 70 గేట్లలో ఒకదాని వెనుక 3 మీటర్ల లోతున నిశ్చలంగా ఉన్న నీరు ఒక కిలోమీటరు మేర నిలిచి ఉందనుకోండి. అంతే గేటు, అంతే లోతు, కానీ నీరు 20 కిలోమీటర్ల మేర నిలిచి ఉంటే గేటు మీద బలం పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా? ప్రతి ఒక్కరూ ఎవరి జవాబు వారు కాగితం మీద రాసి, ఒకటి, రెండు, మూడు వేళ్లలో తమ జవాబుకు తగినన్ని ఎత్తి చూపాలి.

సూత్రం ప్రకారం బలం అంతే ఉంటుంది. అయినా దాన్ని అప్పుడే రాసుకున్న తరగతిలో కూడా ‘పెరుగుతుంది’ అన్న వేళ్లు తక్కువేమీ ఉండవు. తరువాత రెండు మూడు నిమిషాలు పక్కవారితో వాదించుకోనిస్తే అసలు పని మొదలవుతుంది. “ఇరవై కిలోమీటర్ల నీళ్లు వెనకనుంచి తోస్తుంటే బలం అంతే ఎట్టా ఉంటుందిరా?” అని ఒకడు అడుగుతాడు. “ఫార్ములాలో పొడవు ఎక్కడుంది, లోతు ఒక్కటేగా ఉంది” అని పక్కవాడు నోట్సు చూపిస్తాడు. వెనుక బెంచీ నుంచి మరొకరు “మరి వరదొస్తే గేట్లెందుకు ఎత్తుతారు సార్?” అని లేచి అడుగుతారు. ఈ మూడవ ప్రశ్న చాలా విలువైనది. వరదలో నీటిమట్టం పెరుగుతుంది, పైగా నీరు కదులుతూ ఉంటుంది. ‘నిలిచి ఉన్న నీరు’ అనే షరతు సూత్రంలో ఎందుకు ఉందో అప్పుడు అధ్యాపకుడు చెబితే ఆ మాట వినడానికి తరగతి మొత్తం సిద్ధంగా ఉంటుంది. గంట మొదట్లో చెప్పి ఉంటే అది నోట్సులో ఒక లైనుగా మిగిలిపోయేది.

ఇందుకు చెల్లించవలసిన ధర కూడా దాచకూడదు. ఒక్క ప్రశ్నకు పదిహేను ఇరవై నిమిషాలు పోతాయి. సూత్రం రాబట్టే మెట్లలో కొన్నింటిని ఇంటి దగ్గర చదువుకోమని వదిలేయాలి, లేదా ఆ యూనిట్‌లో మరొక అంశాన్ని కుదించాలి.

ఈ పద్ధతికి రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మాజుర్. కఠినమైన లెక్కలు చేయగలిగిన తన విద్యార్థులే, మాటల్లో అడిగిన మామూలు బలాల ప్రశ్నల దగ్గర తడబడటం చూసి, 1990ల ఆరంభంలో ఆయన తోటివారితో చర్చించి నేర్చుకునే ఈ తీరును తరగతిలోకి తెచ్చారు. ఆ ప్రశ్నల పరీక్ష పెట్టినప్పుడు ఒక విద్యార్థిని, మీరు నేర్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా అని అడిగిందట. తరగతిలో నేర్చుకున్నదీ మనసులో నమ్మేదీ రెండు వేరువేరు గదుల్లో ఉన్నాయని ఆ ఒక్క ప్రశ్న బయటపెట్టింది.

పరిశోధనలు ఏమి తేల్చాయి

చదువు వచ్చిందని కొలవడం ఎలా? కోర్సుకు ముందు, తరువాత ఒకే పరీక్ష పెట్టి, రావలసి ఉన్నదానిలో ఎంత వచ్చిందో చూడటం ఒక మార్గం. నూటికి ముందు 40 మార్కులు, తరువాత 55 వస్తే, మిగిలి ఉన్న 60లో 15 వచ్చాయి కాబట్టి లాభం 0.25. అమెరికాలో రిచర్డ్ హేక్ 1998లో ఆరువేలకు పైగా భౌతికశాస్త్ర విద్యార్థుల ఫలితాలను ఇలా పోల్చినప్పుడు, లెక్చర్ ప్రధానంగా సాగిన కోర్సుల్లో సగటు లాభం 0.23, విద్యార్థుల చేత పని చేయించిన కోర్సుల్లో 0.48 వచ్చింది. 2014లో ఫ్రీమన్ బృందం విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్, గణిత కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూస్తే, లెక్చర్ తరగతుల్లో తప్పినవారు 33.8 శాతం, విద్యార్థుల చేత పని చేయించే క్రియాశీల తరగతుల్లో 21.8 శాతం. అన్ని పరిమాణాల తరగతుల్లోనూ మేలు కనిపించింది కానీ, 50 మంది లోపు ఉన్నచోట ఎక్కువగా కనిపించింది.

ఈ అంకెలను మన తరగతులకు తెచ్చుకునేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. వీటిలో ఎక్కువ భాగం అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి వచ్చినవి. పైగా ‘క్రియాశీల తరగతి’ అనే పేరు కింద గంటకు ఒక ప్రశ్న అడగడం నుంచి సెమిస్టర్ అంతా బృందాలుగా పనిచేయించడం వరకు చాలా ఉన్నాయి. అయితే వేరువేరు చోట్ల, వేరువేరు చేతుల్లో జరిగిన అధ్యయనాలు ఇంత ఏకముఖంగా చెప్పడం విద్యారంగంలో అరుదు. దానిని పక్కన పెట్టడం సరికాదన్నది నా అభిప్రాయం.

విద్యార్థికి నచ్చని చోటే చదువు ఎక్కువ రావడం

ఈ విషయంలో అందరినీ తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. 2019లో హార్వర్డ్‌లో డెలోరియే బృందం విద్యార్థులను యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి, ఒకే విషయాన్ని ఒకరికి అనుభవజ్ఞులైన ఉపన్యాసకుల లెక్చర్‌గా, మరొకరికి కలిసి సాధించే పనిగా నేర్పింది. ద్రవాల పాఠం అందులో ఒకటి. పరీక్షలో ఎక్కువ మార్కులు పనిచేసినవారికి వచ్చాయి. ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నది మాత్రం లెక్చర్ విన్నవారు. ధారాళంగా సాగే ఉపన్యాసం వింటున్నప్పుడు అంతా అర్థమైనట్టు ఉంటుంది. తానే తడుముకుంటూ చేసినప్పుడు తన తప్పులన్నీ కళ్లకు కడతాయి.

చదువుకునే పద్ధతిలోనూ ఇదే తీరు. రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివినవారు అయిదు నిమిషాల తరువాత కొంచెం ఎక్కువ చెప్పగలిగారు. ఒకసారి చదివి, ఒకసారి చూడకుండా రాసి చూసుకున్నవారు వారం తరువాత సుమారు 56 శాతం గుర్తుంచుకుంటే, రెండుసార్లు చదివినవారు 42 శాతం దగ్గర ఆగిపోయారు. పరీక్ష ముందురోజు రాత్రి నోట్సు తిరగేసినవారికి ఉదయానికి ధైర్యంగా ఉండటానికీ, తరువాతి సెమిస్టర్‌కు ఏమీ మిగలకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది.

సెమిస్టర్ చివర విద్యార్థుల నుంచి తీసుకునే అభిప్రాయ పత్రాల మీద దీని నీడ పడుతుంది. ‘బాగా అర్థమయ్యేలా చెప్పారు’ అన్న గడిలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారే ఎక్కువ నేర్పారని చెప్పలేము. అలాగని విద్యార్థుల మాటను కొట్టిపారేయలేము కూడా. పీరియడ్‌కు రాని, ప్రశ్న అడిగితే విసుక్కునే అధ్యాపకుని గురించి వారికన్నా బాగా ఎవరికి తెలుస్తుంది?

లెక్చర్ పక్షాన ఉన్న వాదన

లెక్చర్‌ను సమర్థించేవారు పాతకాలపువారని తీసేయడం తేలిక. కానీ వారి వాదన బలమైనది. 2006లో కిర్షనర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం, కొత్తగా నేర్చుకునేవారిని తక్కువ మార్గదర్శనంతో వదిలేస్తే నేర్చుకోలేరని వాదించింది. ఒకేసారి మనసులో పెట్టుకొని పనిచేయగలిగిన అంశాలు కొన్నే. విషయం తెలిసినవారికి ముందరి జ్ఞానం అండగా ఉంటుంది. తెలియనివారికి ప్రతిదీ కొత్త బరువే. తరుగుదల (వాడకం వల్ల ఆస్తుల విలువ ఏటా తగ్గడం) అంటే ఏమిటో ఇంకా పట్టుబడని బీకాం విద్యార్థి చేతికి ఒక సంస్థ వార్షిక నివేదిక ఇచ్చి బృందంగా విశ్లేషించమంటే, ఆ బృందంలో ఒకరు ఏదో రాస్తారు, మిగిలినవారు పేర్లు రాసుకుంటారు. అదే విద్యార్థికి ముందు పూర్తిగా చేసిన లెక్కలు రెండు మూడు చూపి, తరువాత సగం చేసి వదిలిన లెక్క ఇచ్చి, ఆ తరువాత నివేదిక ఇస్తే ఆ పనికి అర్థం ఉంటుంది.

కాబట్టి ఈ రెండు పక్షాలు పైకి కనిపించినంత దూరంలో లేవు. గేటు ప్రశ్న ఫలించింది ఎందుకంటే ప్రశ్నను అధ్యాపకుడే ఎంచుకున్నారు, జవాబులను మూడింటికి కుదించారు, చివర తానే వివరించారు. మంచి లెక్చర్‌లో కూడా వినేవారు లోలోపల ప్రశ్నించుకుంటూనే ఉంటారు. అసలు చూడవలసింది ఆ గంటలో విద్యార్థి మనసు ఏ పని చేస్తున్నదన్నది. మాట్లాడుతున్నది ఎవరన్నది ఆ తరువాతి సంగతి. నాలుగు గోడలకు చార్టులు అంటించి, ఎవరి చార్టు వారు చదివి చప్పట్లు కొట్టించుకున్న తరగతిలో సందడి ఉంటుంది, చదువు ఉండాలని లేదు.

ఇక నిర్వహణ ఇబ్బందులు ఉండనే ఉన్నాయి: కదలని బెంచీలు, నిండిన సెక్షన్లు, రెండు మూడు పేపర్లు చెప్పవలసిన కాంట్రాక్టు, గెస్టు లెక్చరర్లు. వీటిని లెక్కలోకి తీసుకోని ఏ సలహా అయినా గాలిలో ఉంటుంది.

చర్చ ఏ భాషలో?

రాష్ట్రంలో 2021–22 నుంచి డిగ్రీ కోర్సులు ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. పల్నాడు పల్లెల నుంచి, దివిసీమ నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఇక్కడ రెండు బరువులు ఒకేసారి పడతాయి: కొత్త భావన, కొత్త భాష. తరగతిలో అంతా ఆంగ్లంలోనే జరగాలి, అప్పుడే ఉద్యోగపు ఇంటర్వ్యూలో నిలబడతారని ఒక వాదం. భాష దగ్గర ఆగిపోయిన మనసు భావన దాకా వెళ్లదని మరొక వాదం. రెండింటిలోనూ నిజం ఉంది. బ్యారేజీ గేటు మీద వాదన తెలుగులో జరిగి, తేల్చుకున్న జవాబును ఆంగ్లంలో రెండు వాక్యాలుగా రాయించే అధ్యాపకులు ఉన్నారు. ఆలోచనకు ఒక భాష, వ్యక్తీకరణకు ఒక భాష అన్న ఆ అమరిక నాకు సమంజసంగా తోస్తుంది.

పరీక్ష ఏది అడిగితే చదువు అటే

పై చర్చ అంతా ఒక చోట ఆగుతుంది. లక్ష్యం, తరగతిలో చేయించే పని, పరీక్ష అనే మూడూ ఒకే దిక్కు చూడాలని 1996లో విద్యావేత్త జాన్ బిగ్స్ సూత్రీకరించారు. విద్యార్థి దృష్టిలో సిలబస్ అంటే పరీక్షలో వచ్చేదే కాబట్టి, మూడింటిలో పరీక్షదే పైచేయి అవుతుంది.

గుంటూరు మిర్చి యార్డును ఉదాహరణగా పెట్టుకొని ఒక గణాంకశాస్త్ర ప్రశ్న చూద్దాం. ధరలు లెక్క కోసం ఊహించినవి. ఏడు లాట్ల ధరలు క్వింటాలుకు 12,000, 12,500, 13,000, 13,000, 13,500, 14,000, 27,000 రూపాయలు. మధ్యగతాన్ని (వరుసలో పెట్టిన విలువల్లో నడిమిదాన్ని) నిర్వచించండి అంటే జ్ఞాపకం చాలు. సగటు, మధ్యగతం కనుక్కోండి అంటే 15,000, 13,000 అని లెక్క చేస్తే చాలు. సగటు ధర 15,000 ఉందని విని సరుకు తెచ్చిన రైతు ఎందుకు నిరాశపడతాడో వివరించండి అంటే మాత్రం ఏడింటిలో ఆరు లాట్లు సగటు కన్నా తక్కువకే పోయాయని, ఒక్క మేలురకం లాటు సగటును పైకి లాగిందని విద్యార్థి చూడగలగాలి. 1956లో విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం వేసి, 2001లో సవరించిన మెట్ల వరుస ఇదే చెబుతుంది: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం. కోర్సు ఫైళ్లలోని క్రియాపదాలు చాలావరకు ఇక్కడి నుంచి వచ్చినవే.

సాధన స్థాయి లెక్క ఎలా వేస్తారు

2014లో భారతదేశం, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందిన తరువాత ఇంజనీరింగ్ కళాశాలల్లో ఫలితాధారిత విద్య అనే మాట ఊపందుకున్నది. కోర్సు చివర విద్యార్థి ఏమి చేయగలగాలో రాసిన వాక్యాలను సీఓలు (కోర్సు ఔట్‌కమ్స్) అంటారు; డిగ్రీ మొత్తం చివర చేయగలగవలసినవి పీఓలు (ప్రోగ్రామ్ ఔట్‌కమ్స్). ఒక సీఓ ఎంతవరకు నెరవేరిందన్న సాధన లెక్క, కళాశాల తానే పెట్టుకున్న హద్దులను బట్టి ఇలా నడుస్తుంది. 60 శాతం మంది అనుకున్న మార్కు దాటితే స్థాయి 1, 70 శాతం దాటితే 2, 80 శాతం దాటితే 3 అనుకుందాం. 60 మంది తరగతిలో ఇంటర్నల్స్‌లో 51 మంది దాటితే 85 శాతం, స్థాయి 3. విశ్వవిద్యాలయ పరీక్షలో 44 మంది దాటితే 73 శాతం, స్థాయి 2. ఇంటర్నల్‌కు 30, బయటి పరీక్షకు 70 శాతం బరువు ఇస్తే సాధన 0.9, 1.4 కలిపి 2.3.

ఈ కోర్సు ఎందుకు చెబుతున్నామో రాసుకోవలసిన అవసరం మొదటిసారి కలిగిందని, బలహీనమైన యూనిట్ ఏదో అంకెల్లో కనిపిస్తున్నదని దీనిని మెచ్చుకునేవారు చెబుతారు. పాఠం సిద్ధం చేసుకోవలసిన సమయం ఎక్సెల్ షీట్లకు పోతున్నదని మరికొందరి బాధ. వీటికన్నా ముఖ్యమైన లోపం ఒకటి ఉంది: ‘విశ్లేషించగలరు’ అని రాసిన సీఓ కింద ‘నిర్వచించండి’ అనే ప్రశ్న పెట్టి 2.3 తెచ్చుకుంటే, ఆ అంకె జ్ఞాపకశక్తిని కొలిచింది. లెక్క తప్పు కాదు, కొలిచిన వస్తువే వేరు.

ప్రశ్నపత్రం ఎవరి చేతిలో ఉంది

ఇక్కడే మన ప్రాంతపు అసలు ముడి. గుంటూరు పరిసరాల డిగ్రీ కళాశాలలు 1976లో ఏర్పడిన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి, విజయవాడవి 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయానికి, ఇంజనీరింగ్ కళాశాలల్లో అనేకం కాకినాడ జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్నాయి. పాఠం చెప్పేది ఒకరు, సెమిస్టర్ పరీక్ష పత్రం కూర్చేది మరొకరు. అన్ని కళాశాలలకూ ఒకే కొలబద్ద ఉంటుందని, ఇష్టారాజ్యంగా మార్కులు పడవని ఈ ఏర్పాటుకు ఒక న్యాయం ఉంది. దాని ఫలితంగా, ఎక్కడా ఎవరూ తప్పు పట్టలేని, గైడులో దొరికే ప్రశ్నల వైపే పత్రం మొగ్గుతుందన్నదీ నిజమే. విజయవాడలోని ఆంధ్ర లయోలా, మేరిస్ స్టెల్లా వంటి స్వయంప్రతిపత్తి గల కళాశాలలు, వడ్లమూడి, వడ్డేశ్వరంలలోని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తమ పత్రాలను తామే కూర్చుకుంటాయి కాబట్టి వాటికి వెసులుబాటు ఎక్కువ. ఆ వెసులుబాటును వాడుకున్నారా లేదా అన్నది పాత ప్రశ్నపత్రాలు నాలుగు తిరగేస్తే తెలిసిపోతుంది.

అనుబంధ కళాశాల అధ్యాపకునికి ఎక్కువగా స్వేచ్ఛ ఉన్నది ఇంటర్నల్స్‌లో, అసైన్‌మెంట్లలో. మిర్చి ధరల్లో మూడవ ప్రశ్న లాంటిది అక్కడ అడగగలరు. సెమిస్టర్ పత్రంలోకి అది రావాలంటే మాత్రం సిలబస్ నిర్ణయించే పాఠ్య మండలి ఆమోదించే మోడల్ పేపర్ మారాలి. ఆ పేపర్‌లో ఒక్క సెక్షన్ మారినా, అనుబంధ కళాశాలలన్నింటిలో చెప్పే నోట్సు, అచ్చయ్యే గైడు, తరగతిలో గంట గడిచే తీరు దాని వెంటే మారుతాయి.